క్లయింటు ఫైలు ఎవరు తెరవాలి? బీమా ఏజెన్సీ కంప్యూటర్‌లో అనుమతుల శాస్త్రం

ఆరోగ్య బీమా తీసుకునే వ్యక్తి ఒక్క ప్రపోజల్ ఫారంలో తన జీవితంలోని చాలా భాగాన్ని రాసి ఇస్తాడు. పేరు, చిరునామా, ఫోన్ నంబరు, పాన్, ఆధార్, బ్యాంకు ఖాతా, ఆదాయం, నామినీ. వీటితోపాటు షుగర్ ఉందా, బీపీ ఉందా, గుండె ఆపరేషన్ జరిగిందా, ఏ మందులు వాడుతున్నారు అన్న ప్రశ్నలకు జవాబులు. దగ్గరి బంధువులకు కూడా చెప్పని విషయాలు అందులో ఉంటాయి. రాయకుండా దాచే వీలు లేదు. దాస్తే రేపు క్లెయిమ్ తిరస్కరించే ప్రమాదం ఉంది.

ఈ సమాచారం బీమా కంపెనీతో పాటు చాలాసార్లు పాలసీ అమ్మిన ఏజెన్సీ కంప్యూటర్‌లోనూ చేరుతుంది. ఆ ఆఫీసులో పదిమంది పనిచేస్తున్నారని అనుకుందాం. ఫోన్ ఎత్తేవారు ఇద్దరు, రెన్యూవల్స్ గుర్తుచేసేవారు ముగ్గురు, క్లెయిమ్‌లు చూసేవారు ఇద్దరు, లెక్కలు రాసేవారు ఒకరు, సేల్స్ మనిషి ఒకరు, యజమాని. అందరూ ఒకే యూజర్‌నేమ్, ఒకే పాస్‌వర్డ్‌తో సాఫ్ట్‌వేర్ తెరుస్తుంటే, రెన్యూవల్ తేదీ చెప్పడానికి ఫైలు తెరిచిన వ్యక్తి ముందు క్లయింటు రోగాల చిట్టా కూడా తెరుచుకుంటుంది.

డేటా చోరీ అనగానే ఎక్కడో దూరంగా కూర్చున్న హ్యాకర్ గుర్తుకొస్తాడు. లోపల, సరైన పాస్‌వర్డ్‌తోనే వచ్చిన వ్యక్తి ఏం చూడవచ్చు, ఏం చూడకూడదు అన్నది వేరే ప్రశ్న. కంప్యూటర్ శాస్త్రంలో దీనికి యాభై ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది, కొంత గణితమూ ఉంది. ఆ గణితం ఏం చేయగలదో, ఎక్కడ ఆగిపోతుందో తెలిస్తే చిన్న ఏజెన్సీ కూడా తన క్లయింట్లను కాపాడుకోగలదు.

ఒక నర్సు కథ

లోపలివారి చూపు ఎంత నష్టం చేయగలదో చెప్పే కేసు ఒకటి ఫిన్లాండ్‌లో జరిగింది. అది బీమా ఆఫీసుది కాదు, ఆసుపత్రిది. అయినా సమస్య అదే. ఒక ప్రభుత్వ ఆసుపత్రి కంటి విభాగంలో 1989 నుంచి 1994 వరకు ఒక నర్సు కాంట్రాక్టు పద్ధతిలో పనిచేశారు. ఆమెకు హెచ్‌ఐవీ ఉంది. చికిత్స కూడా అదే ఆసుపత్రిలోని మరో విభాగంలో తీసుకునేవారు. 1992 ఆరంభంలో తన జబ్బు సంగతి సహోద్యోగులకు తెలిసిపోయిందని ఆమెకు అనుమానం వచ్చింది. అప్పట్లో ఆ ఆసుపత్రిలో రోగుల రిజిస్టరును సిబ్బంది స్వేచ్ఛగా చూడగలిగేవారు. ఆమె డాక్టరుకు చెప్పాక, చికిత్స చేసే విభాగంవారు మాత్రమే ఆ రోగి రికార్డు చూసేలా మార్పు చేశారు.

ఆమె కాంట్రాక్టును ఆ తర్వాత పొడిగించలేదు. తన రికార్డును ఎవరు చూశారో చెప్పమని 1996లో ఆమె అధికారులను అడిగారు. జవాబు దొరకలేదు. ఆ వ్యవస్థలో చివరి ఐదు సందర్శనలు మాత్రమే నమోదయ్యేవి. అవి కూడా ఏ విభాగం చూసిందో చెప్పేవి తప్ప, ఏ వ్యక్తి చూశాడో చెప్పేవి కావు. ఫైలు ఆర్కైవ్‌కు తిరిగి వెళ్లగానే ఆ కాస్త సమాచారం కూడా చెరిగిపోయేది. ఎవరు చూశారో రుజువు చేయలేక ఆమె దేశంలోని కోర్టుల్లో ఓడిపోయారు.

చివరికి 2008 జులై 17న ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం ఆమెకు అనుకూలంగా తీర్పు ఇచ్చింది. ఎవరు చూశారన్న నమోదే ఉంచకుండా, రుజువు తెమ్మని బాధితురాలినే అడగడం న్యాయం కాదని తేల్చింది. నష్టం జరిగాక పరిహారం కోరే దారి ఉంటే సరిపోదని, అనధికారంగా ఎవరూ చూడలేని విధంగా ఆచరణలో పనిచేసే రక్షణ మొదటినుంచీ ఉండాలని చెప్పింది.

ఈ కేసులో రెండు లోపాలు కనిపిస్తాయి. పని లేనివారు కూడా రికార్డు తెరవగలగడం ఒకటి. తెరిచినవారి పేరు మిగలకపోవడం రెండోది. పాస్‌వర్డ్ లీకైతే మార్చుకోవచ్చు. జబ్బు గురించి నలుగురికీ తెలిసిపోతే దాన్ని వెనక్కి తీసుకునే మార్గం లేదు.

పది లక్షల గళ్ల పట్టిక

లోపలివారికి అనుమతులు ఎలా పంచాలన్న ప్రశ్నకు 1971లో అమెరికన్ కంప్యూటర్ శాస్త్రవేత్త బట్లర్ లాంప్సన్ ఒక చక్కని రూపం ఇచ్చారు. ఒక పెద్ద పట్టిక గీయండి. అడ్డ వరుసల్లో మనుషులు, నిలువు వరుసల్లో ఫైళ్లు. ప్రతి గడిలో ఆ మనిషి ఆ ఫైలుతో ఏం చేయవచ్చో రాయండి. చూడటం, మార్చడం, చెరపడం వంటివి. ఎవరైనా ఏదైనా తెరవబోతే కంప్యూటర్ ఆ గడిని చూసి అవునో కాదో చెబుతుంది. దీన్ని యాక్సెస్ మ్యాట్రిక్స్ అంటారు.

ఆలోచన తేలికే, లెక్కే కష్టం. పదిమంది సిబ్బంది, 5,000 మంది క్లయింట్లు, ఒక్కో క్లయింటు గురించి 20 వివరాలు అనుకుంటే పట్టికలో 10 లక్షల గళ్లు అవుతాయి. చూడటం, మార్చడం, చెరపడం, డౌన్‌లోడ్ చేయడం అని నాలుగు పనులు వేరుచేస్తే 40 లక్షల నిర్ణయాలు. కొత్త మనిషి చేరితే మరో 4 లక్షలు. ఏ యజమానీ కూర్చుని వీటిని నింపలేడు. నింపలేనప్పుడు జరిగేది ఒక్కటే, అందరికీ అన్నీ తెరిచిపెట్టడం.

మనిషికి కాదు, పనికి అనుమతి

ఈ చిక్కును విప్పిన ఆలోచన అనుమతులను మనుషులకు బదులు పాత్రలకు ఇవ్వడం. అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థ ఎన్‌ఐఎస్‌టీలో పనిచేసిన డేవిడ్ ఫెరాయిలో, రిచర్డ్ కూన్ 1992లో దీన్ని ఒక నమూనాగా ప్రతిపాదించారు. భారతీయ మూలాలున్న రవి సంధు, ఆయన సహచరులు 1996లో దాన్ని ఒక క్రమంలో విస్తరించారు. 2004లో అది అమెరికా జాతీయ ప్రమాణంగా మారింది. రోల్ బేస్డ్ యాక్సెస్ కంట్రోల్, పొట్టిగా ఆర్‌బ్యాక్ అన్న పేరుతో ఇవాళ బ్యాంకుల నుంచి ఆసుపత్రుల వరకు వాడుతున్నది ఈ పద్ధతినే.

మన ఏజెన్సీలో దీన్ని ఇలా అనుకోవచ్చు. రెన్యూవల్ డెస్కుకు పేరు, ఫోను, పాలసీ రకం, గడువు తేదీ, ప్రీమియం కనిపించాలి. జబ్బుల వివరాలు అక్కర్లేదు. క్లెయిమ్‌ల డెస్కుకు వైద్య పత్రాలు కావాలి. లెక్కలవారికి రశీదులు, చెల్లింపులు చాలు. ఆధార్ నంబరు ఎవరికైనా చివరి నాలుగు అంకెలు కనిపిస్తే పని నడుస్తుంది. మిగిలిన ఎనిమిది అంకెల చోట గుర్తులు పెడితే చాలు. ఇలా ఐదారు పాత్రలకు 20 వివరాల చొప్పున నిర్ణయిస్తే, చేయాల్సిన నిర్ణయాలు లక్షల నుంచి నూరు, నూట ఇరవైకి పడిపోతాయి. ఒక సాయంత్రం కూర్చుంటే తేలిపోయే పని.

దీని వెనుక ఉన్నది కనీస అధికారం అనే సూత్రం. ఎవరికైనా తన పని పూర్తి చేయడానికి ఎంత అవసరమో అంతే అధికారం ఇవ్వాలి. ఎంఐటీకి చెందిన జెరోమ్ సాల్ట్‌జర్, మైఖేల్ ష్రోడర్ 1975లో రాసిన వ్యాసంలో చెప్పిన ఎనిమిది భద్రతా సూత్రాల్లో ఇదొకటి. సిబ్బంది మీద అనుమానంతో పెట్టిన నియమంగా దీన్ని చూడనక్కర్లేదు. ఒకరి పాస్‌వర్డ్ దొంగ చేతికి చిక్కినా, ఆ దొంగకు కూడా ఆ ఒక్కరికి కనిపించేదే కనిపిస్తుంది. ఏదైనా బయటికి పొక్కినప్పుడు, చూసే అధికారమే లేని ఉద్యోగి మీదకు అనుమానం పోదు.

అయితే పాత్రలు ఒకసారి పెట్టి మరిచిపోతే పాడవుతాయి. పోర్చుగల్‌లోని ఒక ఆసుపత్రిలో ఉన్న డాక్టర్లు 296 మంది. కంప్యూటర్‌లో డాక్టరు పాత్రతో పనిచేస్తున్న ఖాతాలు 985. మానేసినవారు, తాత్కాలికంగా వచ్చి వెళ్లినవారి ఖాతాలను మూయకపోతే అంకెలు ఇలాగే పెరుగుతాయి. అక్కడి డేటా రక్షణ సంస్థ 2018లో ఆ ఆసుపత్రికి 4 లక్షల యూరోల జరిమానా వేసింది. బీమా ఏజెన్సీలో ఉద్యోగి మానేసిన రోజే అతని లాగిన్ ఆపాలి. లేకుంటే అతను వేరే ఏజెన్సీలో చేరాక కూడా పాత క్లయింట్ల రెన్యూవల్ తేదీలు అతని ఫోన్‌లో కనిపిస్తూనే ఉంటాయి.

బటన్ దాచడం వేరు, తలుపు మూయడం వేరు

పాత్ర ఏ వివరాలు చూడవచ్చో చెబుతుంది. ఎవరి వివరాలు చూడవచ్చో చెప్పాలంటే మరో పొర కావాలి. గుంటూరు బ్రాంచి ఉద్యోగికి వరంగల్ బ్రాంచి క్లయింట్లతో పనేముంది? దీనికి డేటాబేస్‌లో వరుసల స్థాయి నియంత్రణ ఉంటుంది. ఉద్యోగి “క్లయింట్లందరినీ చూపించు” అని అడిగితే, డేటాబేస్ తనంతట తాను “ఈ ఉద్యోగి బ్రాంచివారిని మాత్రమే” అన్న షరతు కలుపుకుని జవాబిస్తుంది. ఉచితంగా దొరికే పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ డేటాబేస్‌లో 2016 జనవరిలో వచ్చిన 9.5 వెర్షన్ నుంచి ఈ సౌకర్యం ఉంది.

నియంత్రణ ఎక్కడ పెట్టారన్నది ముఖ్యం. కొన్ని సాఫ్ట్‌వేర్లలో అనుమతి లేని ఉద్యోగికి స్క్రీన్ మీద “మెడికల్ హిస్టరీ” బటన్ కనిపించకుండా చేస్తారు. వెనుక ఉన్న సర్వర్ మాత్రం అడిగినవారికల్లా ఆ సమాచారం ఇస్తూనే ఉంటుంది. అదే వివరం నెలవారీ రిపోర్టులోనో, ఎక్సెల్ ఫైలుగా డౌన్‌లోడ్ చేసినప్పుడో, మొబైల్ యాప్‌లోనో బయటపడుతుంది. సాల్ట్‌జర్, ష్రోడర్ చెప్పిన మరో సూత్రం ఇక్కడ వర్తిస్తుంది. ఏ దారిలో అడిగినా, ప్రతిసారీ అనుమతి తనిఖీ జరగాలి. కొత్త సాఫ్ట్‌వేర్ కొనేముందు ఏజెన్సీ యజమాని దీన్ని తేలిగ్గా పరీక్షించవచ్చు. రెన్యూవల్ డెస్కు లాగిన్‌తో తెరిచి, వెతుకులాట, రిపోర్టు, డౌన్‌లోడ్, యాప్ అన్నింటిలోనూ వైద్య వివరాలు కనిపిస్తున్నాయేమో చూస్తే సరి.

డౌన్‌లోడ్‌ను ప్రత్యేకంగా చూడాలి. ఒక్కో ఫైలు చూడగలగడం, 5,000 మంది జాబితాను ఒక్క నొక్కుతో పెన్‌డ్రైవ్‌లోకి దించుకోగలగడం ఒకే అనుమతి కాకూడదు. రెండోది ఒకరిద్దరికి మించి ఉండాల్సిన అవసరం సాధారణంగా రాదు.

దాచినా తెలిసిపోయేవి

కొన్నిసార్లు వివరం దాచినా, దాని నీడ కనిపిస్తుంది. ఒకే వయసు, ఒకే పాలసీ, ఒకే బీమా మొత్తం ఉన్న ఇద్దరిలో ఒకరి ప్రీమియం ఎక్కువగా ఉంటే, అదనపు లోడింగ్ ఎందుకు పడిందో లెక్కలు రాసే గుమస్తా ఊహించగలడు. వైద్య వివరాల పేజీ తెరవాల్సిన పని లేదు.

గణాంకాల రిపోర్టుల్లో ఇది మరీ సూక్ష్మంగా జరుగుతుంది. “ఫలానా ఊరిలో 52 ఏళ్ల మహిళా టీచర్లు ఎందరు?” అని అడిగితే ఒకరు అని వస్తుంది. “వారిలో షుగర్ ఉన్నవారు ఎందరు?” అని అడిగితే ఒకరు అని వస్తే, పేరు లేకుండానే ఆ టీచరు జబ్బు తెలిసిపోయింది. మరీ చిన్న సంఖ్యలు వచ్చే ప్రశ్నలకు జవాబు ఇవ్వకుండా ఆపడం ఒక ఉపాయం. కానీ ఒకదానిమీద ఒకటి కమ్ముకునే పెద్ద ప్రశ్నలు వరుసగా అడిగి, జవాబులను కూడి, తీసివేసి ఆ ఆంక్షను దాటవచ్చని డొరొతీ డెన్నింగ్, పీటర్ డెన్నింగ్, మేయర్ ష్వార్ట్జ్ 1979లో చూపించారు. అందుకే రిపోర్టులు తీసే అధికారాన్ని కూడా అమాయకమైనదిగా చూడకూడదు.

గణితం ఆగే చోటు

అనుమతులన్నీ పెట్టాక యజమానికి ఒక సందేహం వస్తుంది. ఇప్పుడున్న నియమాల ప్రకారం, ఒకరికొకరు అధికారాలు ఇచ్చుకుంటూ పోతే, ఏదో ఒక రోజు రెన్యూవల్ డెస్కు ఉద్యోగికి వైద్య వివరాలు చూసే అధికారం దక్కే అవకాశం ఉందా? ఎలాంటి వ్యవస్థనైనా పరీక్షించి దీనికి అవునో కాదో చెప్పే ప్రోగ్రాం ఒకటి రాయగలమా?

రాయలేమని 1976లో మైఖేల్ హారిసన్, వాల్టర్ రుజో, జెఫ్రీ ఉల్‌మన్ నిరూపించారు. ఒక ప్రోగ్రాం ఎప్పటికైనా ఆగుతుందా లేదా అని అన్ని సందర్భాల్లో చెప్పగల పద్ధతి లేదని 1936లో అలాన్ ట్యూరింగ్ పరిశోధన తేల్చింది. అనుమతుల ప్రశ్నను సాధారణ రూపంలో పరిష్కరించగలిగితే ట్యూరింగ్ సమస్యనూ పరిష్కరించినట్టే అవుతుందని ఈ ముగ్గురూ చూపించారు. అది అసాధ్యం కనుక ఇదీ అసాధ్యమే.

దీన్ని విని నిరాశ పడాల్సిన పని లేదు. ఆ ఫలితం కొత్త మనుషులు, కొత్త ఫైళ్లు, కొత్త అధికారాలు ఎడతెగకుండా పుట్టుకొచ్చే అన్ని రకాల వ్యవస్థలకూ కలిపి చెప్పింది. నియమాలు తక్కువగా, గట్టిగా ఉన్నచోట జవాబు లెక్కించవచ్చు. అధికారాలు పంచే అధికారం ఒక్కరిద్దరి చేతిలోనే ఉండి, పాత్రలు ఐదారుకు మించకుండా ఉంటే ఎవరికి ఏం దక్కుతుందో ఒక కాగితం మీద తేల్చవచ్చు. “ఈ ఒక్కరికి, ఈ ఒక్కరోజుకు” అంటూ మినహాయింపులు ఇచ్చుకుంటూ పోయి, వాటిని వెనక్కి తీసుకోకపోతేనే ఆ కాగితం పనికిరాకుండా పోతుంది.

అత్యవసరానికి ఒక అద్దం

బిగింపు ఎక్కువైనా ప్రమాదమే. ఆసుపత్రి నుంచి క్యాష్‌లెస్ అభ్యర్థన వస్తే గంటలోపు నిర్ణయం చెప్పాలని, డిశ్చార్జి సమయంలో తుది అనుమతి మూడు గంటల్లోపు ఇవ్వాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 మే నెలలో బీమా కంపెనీలను ఆదేశించింది. అలాంటి వేళ క్లయింటు కొడుకు ఏజెన్సీకి ఫోన్ చేసి పాత పత్రం కావాలంటాడు. క్లెయిమ్‌లు చూసే ఇద్దరూ సెలవులో ఉన్నారు. “మాకు కనిపించదు సార్” అని అప్పుడు చెప్పగలరా? చెప్పరు. సెలవులో ఉన్న మనిషికి ఫోన్ చేసి పాస్‌వర్డ్ అడుగుతారు. మర్నాటి నుంచి ఆ పాస్‌వర్డ్ అందరిదీ అవుతుంది.

ఆసుపత్రుల సాఫ్ట్‌వేర్‌లో దీనికి ‘బ్రేక్ గ్లాస్’ అనే పద్ధతి ఉంది. మంటలు లేచినప్పుడు అద్దం పగలగొట్టి అలారం నొక్కినట్టే, అత్యవసరంలో అనుమతి లేని ఉద్యోగి కూడా ఫైలు తెరవవచ్చు. అయితే కారణం టైపు చేయాలి. వెంటనే యజమానికి సందేశం వెళ్తుంది. అనుమతి కొద్ది గంటల్లో దానంతటదే ముగుస్తుంది. పని ఆగదు, తెరిచిన సంగతీ దాగదు.

ఎవరు చూశారన్న చిట్టా

ఆ నమోదునే లాగ్ అంటారు. ఏ ఉద్యోగి, ఏ ఫైలు, ఏ సమయంలో, ఏ కంప్యూటర్ నుంచి తెరిచాడో రాసి ఉంచే చిట్టా అది. అందరికీ ఒకే లాగిన్ ఉంటే ఈ చిట్టాకు విలువ లేదు. నర్సు కేసులో విభాగం పేరు ఉన్నా మనిషి పేరు లేకపోవడమే దెబ్బతీసింది.

చిట్టా రాసినంత మాత్రాన సరిపోదు, ఎవరో ఒకరు చదవాలి కూడా. నెదర్లాండ్స్‌లోని ఒక ఆసుపత్రిలో ఒక ప్రముఖురాలి ఫైలును పదుల సంఖ్యలో సిబ్బంది అవసరం లేకుండా తెరిచారు. లాగ్‌లను తగినంతగా పరిశీలించలేదన్న కారణంతో సహా ఆ ఆసుపత్రికి 2019లో 4,60,000 యూరోల జరిమానా పడింది.

చిట్టాను తర్వాత ఎవరూ దిద్దకుండా చూడటానికి ఒక గణిత ఉపాయం ఉంది. ప్రతి నమోదు నుంచి హ్యాష్ అనే ఒక సంఖ్యను లెక్కిస్తారు. నమోదులో ఒక్క అక్షరం మారినా ఆ సంఖ్య పూర్తిగా మారిపోతుంది. ప్రతి కొత్త నమోదులో దాని ముందున్న నమోదు హ్యాష్‌ను కూడా కలుపుతారు. మధ్యలో ఒక వరుసను చెరిపితే గొలుసులో ఆ తర్వాతి లెక్కలేవీ కుదరవు. చివరి హ్యాష్‌ను రోజూ వేరే చోట భద్రపరిస్తే, చెరిపిన సంగతి దొరికిపోతుంది.

చట్టం ఏమంటోంది

మన దేశంలో 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించింది. అదే ఏడాది వచ్చిన హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం, ఆ సమాచారం ఉంచుకునే సంస్థలు దాన్ని కాపాడే ఏర్పాట్లు చేయాలని చెబుతోంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం, తగిన భద్రతా ఏర్పాట్లు చేయని సంస్థకు రూ.250 కోట్ల వరకు జరిమానా పడవచ్చు. 2025 నవంబరులో వచ్చిన నియమాల్లో ఆ ఏర్పాట్లు ఏమిటో వివరించారు. ఎవరు ఏది చూడవచ్చో నియంత్రించడం, చూసినవారిని లాగ్‌లలో నమోదు చేసి పరిశీలించడం, ఆ లాగ్‌లను ఏడాదిపాటు ఉంచడం అందులో ఉన్నాయి. ఈ బాధ్యతలు 18 నెలల గడువు తర్వాత అమల్లోకి వస్తాయి. ఐఆర్‌డీఏఐ 2023లో ఇచ్చిన సైబర్ భద్రతా మార్గదర్శకాలు బీమా కంపెనీలతో పాటు బ్రోకర్లు, కార్పొరేట్ ఏజెంట్ల వంటి మధ్యవర్తులకూ వర్తిస్తాయి.

చిన్న ఏజెన్సీ మొదలుపెట్టడానికి పెద్ద ఖర్చు అక్కర్లేదు. ప్రతి ఒక్కరికీ సొంత లాగిన్. పనిని బట్టి ఐదారు పాత్రలు. వైద్య వివరాలు క్లెయిమ్‌ల డెస్కుకే. మొత్తం జాబితా డౌన్‌లోడ్ ఒకరిద్దరికే. క్లయింటు బ్యాంకు ఖాతా నంబరు మార్చేది ఒకరు, ఆ మార్పును ఆమోదించేది మరొకరు. మానేసినవారి ఖాతా అదే రోజు బంద్. మూడు నెలలకోసారి ఎవరికి ఏ అనుమతులున్నాయో ఒక చూపు, వారానికోసారి లాగ్‌ల మీద మరో చూపు.

పాలసీదారు వైపు నుంచి కూడా ఒక పని ఉంది. ప్రపోజల్ ఫారం నింపి ఇచ్చేటప్పుడు ఏజెన్సీవారిని రెండు ప్రశ్నలు అడగవచ్చు. “నా వైద్య వివరాలు మీ ఆఫీసులో ఎవరెవరికి కనిపిస్తాయి? ఎవరైనా చూస్తే మీకు తెలుస్తుందా?” ఫిన్లాండ్ నర్సు 1996లో అడిగినది ఈ రెండో ప్రశ్ననే. ఆ ఆసుపత్రి దగ్గర జవాబు లేకపోవడంతో ఆమె న్యాయం కోసం మరో పన్నెండేళ్లు ఎదురుచూడాల్సి వచ్చింది.